ఆవలిస్తే లేచే చెయ్యి, లేపమంటే లేవదేం?

ప్రశ్న: మా మావయ్యగారికి మూడు నెలల కిందట పక్షవాతం వచ్చింది. స్కానింగులో మెదడుకు ఎడమవైపు దెబ్బ తగిలిందన్నారు. పడిపోయింది కుడి చెయ్యీ, కుడి కాలూ. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు గానీ చొక్కా గుండీ పెట్టుకోలేరు. ఆవలించినప్పుడు మాత్రం ఆ చెయ్యి దానంతటదే లేస్తోంది. ఆయన గట్టిగా ప్రయత్నించడం లేదా? రోజూ రబ్బరు బంతి పిసికిస్తున్నాం, మంచిదేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ప్రయత్నలోపం కాదు. ఆ మాట ఆయన దగ్గర అనకండి.

చెయ్యి కదపాలన్న ఆజ్ఞ మెదడు పైపొరలో, నడినెత్తి నుంచి చెవి వైపు దిగే పట్టీ లాంటి భాగం నుంచి బయల్దేరుతుంది. ఆ నరాల పోగులు కిందికి వస్తూ ఒక ఇరుకు చోట కట్టగా చేరతాయి. అక్కడ చిన్న రక్తనాళం మూసుకుపోయినా చెయ్యీ కాలూ రెండూ పడిపోతాయి. వెన్నుపాములోకి దిగబోయే ముందు నూటికి 90 వంతుల దాకా పోగులు అవతలి పక్కకు దాటతాయి. ఎడమ దెబ్బ కుడివైపు కనిపించేది అందుకే.

ఆవలింతకు ఈ దారితో పనిలేదు. అది మెదడు కాండంలో, అంటే మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే భాగంలో పుడుతుంది, అక్కడి నుంచి వెన్నుపాముకు వేరే దారులున్నాయి. అలా చెయ్యి లేస్తోందంటే మెడ నుంచి చేతికి వెళ్లే నరాలూ, కండరాలూ పనిచేస్తున్నట్టే. దెబ్బతిన్నది పై దారి. నడక ముందుగా రావడానికీ ఆ వేరే దారుల సాయమే కారణం. వేళ్లను విడివిడిగా ఆడించి గుండీ పెట్టడం మాత్రం దాదాపు పూర్తిగా దెబ్బతిన్న దారి పనే.

ఇక బంతి. పై నుంచి అదుపు తప్పిన వెన్నుపాము నరకణాలు అతిగా స్పందిస్తాయి, అందుకే పిడికిలి బిగుస్తుంది. అలా బిగుస్తూ ఉంటే బంతి మానేయండి. ముడిచే కండరాలకు అదనపు పని అక్కర్లేదు. ఆయనకు రావలసింది వేళ్లు తెరవడం. మోచెయ్యి బల్లమీద ఆనించి, ఖాళీ స్టీలు గ్లాసు పట్టుకుని, పక్కకు జరిపి, వదలమనండి. వదలడమే కష్టం, అక్కడ తొందరపెట్టకండి. పూటకు పది పదిహేను నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు. తర్వాత చింతగింజలు ఏరించండి. మన ఊళ్లో చేతికందే పని కదా అని మిరపకాయల తొడిమలు తీయించకండి. స్పర్శ తగ్గిన చెయ్యి కంట్లోకి వెళ్తే తెలియదు.

బిగిసిన వేళ్లను విసురుగా లాగితే మరింత బిగుస్తాయి. బొటనవేలి మొదలు పట్టుకుని నెమ్మదిగా చాపి, అర నిమిషం అలాగే ఉంచండి. లేపి కూర్చోబెట్టేటప్పుడు ఆ చెయ్యి పట్టి లాగొద్దు, చంకలో చెయ్యి వేసి ఎత్తొద్దు. భుజం కీలు జారి, నొప్పితో వ్యాయామమే ఆగిపోతుంది. పడుకున్నప్పుడు చేతి కింద దిండు పెట్టండి.

వేళ్లు కాస్తయినా తనంతట తాను చాపగలిగితే మంచి సూచన, ఫిజియోథెరపిస్టుకు చూపించండి. బీపీ మాత్రలు ఆపొద్దు. మూతి వంకరపోయినా, మాట తడబడినా, కొత్తగా బలహీనత వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వదగ్గ గడువు మామూలుగా నాలుగున్నర గంటలే.