సస్క్వెహన్నాలో ఈ ఏడాది పెద్ద బాస్ పడలేదంటే నది పోయినట్టేనా?

మీరు అడిగింది ఇదీ: పెన్సిల్వేనియాలోని హారిస్‌బర్గ్ వచ్చి రెండేళ్లయింది, సస్క్వెహన్నా నదిలో స్మాల్‌మౌత్ బాస్ అనే చేపకి పెద్ద పేరుందని విని రాడ్డు, రీలు, లైసెన్సు అన్నీ కొనుక్కున్నారు, వేసవంతా శని ఆదివారాలు నది మధ్యలోని సిటీ ఐలాండ్ అనే లంక చుట్టుపక్కల గాలం వేస్తే జానెడు పిల్లలు తప్ప చెప్పుకోదగ్గ చేప పడలేదు, నదిలో బాస్ అయిపోయినట్టేనా, వచ్చే ఏడాది మళ్లీ లైసెన్సు కట్టడం దండగా అని. దండగ కాదండీ. నిజానికి మీరు రాసినదాంట్లో నాకు మంచి కబురుగా వినిపించింది ఆ జానెడు పిల్లల సంగతే. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

నేను నదికి పడమటి ఒడ్డున ఉంటాను, ఇక్కడ గాలం వేయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. చేప పడని సీజన్లు చాలానే చూశాను. కానీ వాటిల్లో రెండు రకాలున్నాయి, ఆ రెండిటినీ కలిపేసి చూస్తేనే ఇలా బెంగ పట్టుకుంటుంది. ఒకటి, చేప ఉంటుంది కానీ మనకి అందదు. రెండోది, చేపే ఉండదు.

మొదటి రకానికి నాకు బాగా గుర్తున్నది 2018. పెన్సిల్వేనియాలో వాన లెక్కలు రాయడం మొదలుపెట్టాక అంత వాన పడిన ఏడాది లేదు. జులై చివర్లో అయితే కింద మేరీలాండ్‌లో కోనోవింగో డ్యామ్ గేట్లు ఎత్తేస్తే మానులూ చెత్తా కొట్టుకుపోయి చెసపీక్ బే నిండా తేలాయి. ఈ నది వెడల్పు హారిస్‌బర్గ్ దగ్గర మైలు దాకా ఉంటుంది కానీ లోతు తక్కువ, మామూలు ఆగస్టులో మోకాటి లోతు నీళ్లలో బండల మీద అడుగు చూసుకుంటూ చాలా దూరం లోపలికి వెళ్లిపోవచ్చు. ఆ ఏడాది ఒడ్డు దిగడానికే భయమేసింది. కాస్త తగ్గి నీళ్లు తేటపడుతున్నాయి అనుకునేసరికి పైన ఎక్కడో మళ్లీ వాన, మళ్లీ బురదనీళ్లు. ఎండాకాలం సాయంత్రాలు నీళ్ల మీద తెల్లపురుగులు మంచులా లేచే వేళ బాస్ ఎగిరెగిరి వాటిని అందుకుంటుంటే చూడటం నాకు ఏడాది మొత్తానికీ ఇష్టమైన పని, ఆ ఏడాది నీళ్ల దగ్గరికి పోయే వీలుంటే కదా చూసేది. చాలా బాధపడ్డాను. కానీ చేపలకి ఏమీ కాలేదు. ప్రవాహం జోరుగా ఉన్నప్పుడు పెద్ద చేపలు నడినదిలో నిలబడవు, ఒడ్డు వెంట చెట్లవేర్ల దగ్గరికీ, లంకల వెనకకీ, వాగులు కలిసే చోటికీ జరిగిపోతాయి. మరుసటి ఏడాది నీళ్లు దిగాక అవే చేపలు అవే బండల దగ్గర దొరికాయి.

2005 సంగతి అలా కాదు. ఆ ఏడాది జులైలో నీళ్లు బాగా తగ్గి వేడెక్కాయి, ఒడ్డు పక్క మడుగుల్లో వేలెడంత బాస్ పిల్లలు ఒంటి మీద తెల్లటి మచ్చలతో చచ్చి తేలడం నా కళ్లతో చూశాను. కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా అన్నారు. అది నీళ్లలో మామూలుగా ఉండేదే, నీరసించిన చేప దొరికితే దాని మీద పడుతుంది. మరి పిల్లలు ఎందుకు నీరసించాయి అంటే, అవి పెరిగేది ఒడ్డు పక్క పల్చటి నీళ్లలో. అక్కడ నాచు పగలు ఆక్సిజన్ వదిలినా రాత్రంతా తనే పీల్చుకుంటుంది, తెల్లవారే ముందు నీళ్లలో ఊపిరి ఆడనంత తక్కువైపోతుంది. నడినదిలో ఉండే పెద్ద చేపలకి ఆ ఇబ్బంది అంతగా లేదు. అందుకే పెద్దవి బతికాయి, పిల్లలు పోయాయి. తర్వాతి ఏళ్లలో కూడా మళ్లీ మళ్లీ జరిగింది.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఆ తర్వాత కొన్నేళ్లు గాలానికి పడిన చేపలు తక్కువే అయినా పడినవన్నీ పెద్దవే పడ్డాయి, పద్దెనిమిది అంగుళాలు, ఇరవై అంగుళాలు. నది బ్రహ్మాండంగా ఉందని చాలామంది సంబరపడ్డారు. మా పక్కింటి పెద్దాయన ఒక్కడే, చిన్నప్పటి నుంచి ఈ నదిలోనే చేపలు పట్టినవాడు, చిన్నవి ఎక్కడ పోయాయి అని దిగులు పడేవాడు. ఆయన దిగులే నిజమైంది. ఇక్కడ బాస్ పదిహేను అంగుళాలు దాటడానికి ఐదారేళ్లు పడుతుంది, అంటే 2005లో పోయిన పిల్లల లోటు మన గాలానికి తెలిసేది 2010 దగ్గర్లో. ముసలి చేపలు వయసు మీరి పోయాయి, వాటి వెనక రావాల్సిన తరం లేదు. పిల్లలు లేని ఊళ్లో బడి మూతపడటానికి కొన్నేళ్లు పట్టినట్టే ఇదీ.

అందుకే ఎన్ని పడ్డాయో లెక్కపెట్టడం కంటే ఎంత సైజువి పడ్డాయో రాసిపెట్టుకోవడం మేలని నేను అందరికీ చెప్తాను. పెద్దవే పడి చిన్నవి కనబడకపోతే కంగారు పడాలి. మీకు పడ్డ జానెడు చేపలు రెండేళ్లు అటూ ఇటూ వయసువి. అవి దండిగా ఉన్నాయంటే అవి పుట్టిన ఏడాది గుడ్లు బాగా నిలిచాయన్నమాట. మగ బాస్ వసంతంలో గులకరాళ్ల మీద గూడు చేసి గుడ్లకీ పిల్లలకీ కాపలా కాస్తుంది. సరిగ్గా మే చివర్లో, జూన్‌లో వరద వస్తే పిల్లలు కొట్టుకుపోతాయి. ఆ నెలల్లో నీళ్లు మితంగా ఉన్న ఏడాది పుట్టినవే కొన్నేళ్ల తర్వాత మన చేతికొచ్చేది. పెన్సిల్వేనియా ఫిష్ అండ్ బోట్ కమిషన్ వాళ్లు ఏటా వేసవిలో వీపుకి చేపల్ని కాసేపు స్తంభింపజేసే కరెంటు యంత్రం తగిలించుకుని ఒడ్డు వెంట ఈ పిల్లల్ని లెక్కపెడతారు, ఆ లెక్కలు బయటపెడతారు. చేప ఉందా లేదా అన్న టెన్షన్ పెట్టుకునే బదులు అవి చదవండి.

2005 గొడవకి అసలు కారణం ఏంటని ఏళ్లపాటు వాదించుకున్నారు. రాష్ట్రం వాళ్లూ కేంద్రం వాళ్లూ కలిసి చేసిన పరిశీలనలో 2015లో తేల్చిందేంటంటే, హార్మోన్లని తికమక పెట్టే రసాయనాలు, కలుపు మందులు, వాటితో పాటు రోగక్రిములు, పరాన్నజీవులు. మగ చేపల బీజాల్లో గుడ్ల కణాలు కనబడ్డాయి. నది ఒడ్డునే ఉన్న డంకానన్ అనే ఊరి దగ్గర ఒకరికి మూతి మీద గడ్డతో పడిన చేపకి క్యాన్సర్ అని కూడా అదే ఏడాది తేలింది. దొరికింది ఒక్కటే చేప, అయినా ఆ ఫోటో చూసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. చెసపీక్‌లోకి చేరే మంచినీళ్లలో సగం ఈ నదివే, పొలాల ఎరువూ పట్టణాల మురుగూ అన్నీ ఇందులోంచే పోతాయి. ఎవరో ఒకర్ని పట్టుకుని తిట్టుకోవడానికి లేదు, అదే నాకు ఎక్కువ కోపం తెప్పిస్తుంది. చేపలు మాత్రం ఆ తర్వాత బాగానే కోలుకున్నాయి.

ఇక మీకు పెద్దవి ఎందుకు పడలేదంటే, మీరు పదకొండు నుంచి మూడు దాకా కూర్చున్నానని రాశారు. జులై ఎండలో ఆ వేళకి బాస్ మేతకి రాదు. వెలుగు రాకముందే వెళ్లండి, బండల మధ్య నీళ్లు గలగలా పారే చోట, ఆ జోరు తగ్గి నల్లగా లోతయ్యే అంచున వేయండి. వానపాము మానేసి ఆకుపచ్చ ట్యూబ్ జిగ్ (బరువు గాలానికి తొడిగే మెత్తటి గొట్టంలాంటి ఉత్తుత్తి ఎర) కట్టి అడుగున రాళ్లకి తగిలేలా మెల్లగా లాగండి, ఇక్కడ బాస్‌కి ప్రాణం రొయ్యలాంటి క్రేఫిష్ అంటే, ట్యూబ్ దానిలాగే కదులుతుంది. రాళ్లలో ఇరుక్కుని కొన్ని పోతాయి, తప్పదు. బురదనీళ్లప్పుడు కొనడొగ్వినెట్, ఎల్లో బ్రీచెస్ లాంటి వాగులు కలిసే చోటు చూడండి, అక్కడ నీళ్లు ముందు తేటపడతాయి. సెప్టెంబరు, అక్టోబరు అసలు వదలొద్దు, నీళ్లు చల్లబడేకొద్దీ పెద్దవి ఒళ్లు మరచి తింటాయి.

వెళ్లే ముందు హారిస్‌బర్గ్ గేజ్, అంటే నది నీటిమట్టం చూపే కొలత, చూసుకోండి. నాలుగడుగుల లోపు ఉంటేనే నేను నీళ్లలోకి దిగుతాను, అది కూడా లైఫ్ జాకెట్‌తో. సిటీ ఐలాండ్ కింద డాక్ స్ట్రీట్ డ్యామ్ ఉంది చూశారా, చూడటానికి చిన్న మెట్టులా కనబడుతుంది కానీ దాని కింద నీళ్లు సుడి తిరిగి మనిషిని బయటికి రానివ్వవు, చాలామంది పోయారు. దాని దరిదాపులకి పడవలో గానీ కాలినడకన గానీ వెళ్లకండి, ఎంత పెద్ద చేప ఎగిరినా సరే.

చివర్లో ఇంటికి తెచ్చుకోవచ్చా అని అడిగారు. సన్‌బరీ నుంచి హోల్ట్‌వుడ్ డ్యామ్ దాకా బాస్‌ని పట్టిన వెంటనే వదిలేయాలి, అవి గుడ్లు పెట్టే వసంతంలో కొన్ని వారాలు వాటికోసం గాలమే వేయకూడదని కూడా ఒకప్పుడు పెట్టారు, ఇప్పుడెలా ఉందో ఏటా వచ్చే రూల్స్ పుస్తకంలో చూసుకోండి. నేను గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి, పట్టిన చేపని వదిలేయడం మొదట్లో ప్రాణం ఒప్పుకోలేదు, ఇప్పుడు ఆ రూలు లేకపోయినా వదిలేస్తాను. పులుసు పెట్టాలనే ఉంటే ఫ్లాట్‌హెడ్ క్యాట్‌ఫిష్ పట్టండి. అది ఈ నదిది కాదు, బయట నుంచి వచ్చి బాస్‌నీ మిగతావాటినీ తినేస్తోంది, దాన్ని ఎంత తగ్గిస్తే అంత మంచిది. సాయంత్రం చీకటి పడ్డాక లోతు మడుగుల్లో బతికున్న చిన్న చేపని ఎరగా వేస్తే పడుతుంది. ఈ రాష్ట్రంలో పట్టుకున్న చేప ఏదైనా వారానికి ఒక పూటకి మించి తినొద్దని ప్రభుత్వ సలహా ఉంది, ఇంట్లో చిన్నపిల్లలుంటే అది మాత్రం ఖచ్చితంగా పాటించండి. కొవ్వు తీసేసి, చింతపండు కాస్త ఎక్కువ వేయండి, లేకపోతే మట్టివాసన వస్తుంది.