కుండీ చీలింది, మొక్కను కదిలించాలా?

ప్రశ్న: మా ఇంట్లో స్నేక్ ప్లాంట్ అయిదేళ్లుగా ఒకే ప్లాస్టిక్ కుండీలో ఉంది. రెండు వారాలకోసారి కాసిని నీళ్లు పోయడం తప్ప నేను దానికి చేసిందేమీ లేదు. ఈమధ్య కుండీ ఒక పక్కకి ఉబ్బింది. మొన్న తుడుస్తుంటే నిలువునా చీలిక కనిపించింది. మళ్లీ మళ్లీ మార్చే పని లేకుండా ఒకేసారి పెద్ద కుండీలో పెట్టేయమంటున్నారు మావారు. నాకేమో కదిలిస్తే చచ్చిపోతుందేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: టెన్షన్ పడకండమ్మా. కుండీనే చీల్చిందంటే మీ మొక్క మంచి ఊపులో ఉంది. ఈ మొక్కకి మట్టిలో పసుపు కొమ్ముల్లాంటి లావుపాటి దుంపకాండాలు పక్కలకు పాకుతాయి. కుండీ గోడ అడ్డొస్తే వంగి పక్కనుంచి పోతాయి, అక్కడా చోటు లేకపోతే గోడనే నెడతాయి. ప్లాస్టిక్ ఎంతకని తట్టుకుంటుంది?

మార్చండి. మీవారి మాట మాత్రం ఈ ఒక్కసారికి పక్కన పెట్టండి. అదే తెలివి నాకూ ఒకసారి పుట్టింది. ఆరంగుళాల కుండీలో హాయిగా ఉన్నదాన్ని తీసుకెళ్లి పద్నాలుగు అంగుళాల కుండీలో పెట్టాను. అంత పెద్ద కుండీలో పైమట్టి ఎండినట్టు కనిపించినప్పుడల్లా పాపం అనిపించి ఒక చెంబు పోసేదాన్ని. నెల తిరక్కుండానే మధ్యలో ఆకు పక్కకి వాలింది. నిలబెడదామని పట్టుకుంటే ఏ బలమూ లేకుండా ఊడి చేతిలోకి వచ్చేసింది. అడుగున గోధుమరంగు, జారుడు, మురుగు వాసన. వేలు పెట్టి చూస్తే లోపల మట్టి బురదలా ఉంది.

జరిగిందేమిటంటే, ఉన్న కాసిని వేళ్లు తాగగలిగినంతే తాగుతాయి. చుట్టూ ఉన్న మిగతా మట్టంతా వారాల తరబడి తడిగా ఉండిపోతుంది, వేళ్లకి గాలి అందదు, కుళ్లు మొదలవుతుంది. ఆకుల్లో నీళ్లు దాచుకుని బతికే మొక్క ఇది, దాహానికి పోవడం చాలా అరుదు. నేను చంపినవన్నీ నీళ్లు పోసి చంపినవే.

అందుకని కొత్త కుండీ పాతదానికంటే అంగుళం, మహా అయితే రెండంగుళాలు వెడల్పుంటే చాలు. వేళ్లు లోతుకు పోవు కాబట్టి మరీ లోతైనది వద్దు. అడుగున కన్నం తప్పనిసరి. నా ఓటు మట్టికుండీకే. తడి త్వరగా ఆరుతుంది, పొడుగాటి ఆకుల బరువుకి పక్కకి ఒరగదు. అడుగున గులకరాళ్లు పరిస్తే నీళ్లు బాగా దిగుతాయని చాలామంది అంటారు. దిగవు. రాళ్ల పొరకి కాస్త పైన మట్టిలోనే నిలిచిపోతాయి, తడి వేళ్లకి ఇంకా దగ్గరవుతుంది.

మట్టి మిశ్రమానికి మామూలు కుండీ మట్టి రెండు పాళ్లు, ముతక ఇసుకో పెర్లైటో (మట్టిని గుల్లగా ఉంచే తేలికపాటి తెల్లటి పలుకులు) ఒక పాలు కలపండి. తడిపి పిడికిట్లో నొక్కి వదిలితే ముద్దగా ఉండిపోకూడదు, వేలితో తాకగానే విడిపోవాలి.

మార్చే ముందు వారం రోజులు నీళ్లు మానేయండి. చీలిన కుండీ కాబట్టి మొక్కని పైకి లాగే పని లేదు, చీలిక వెంట కత్తెరతో కోసి ఒలిచేయండి. లోపల వేళ్లు నారింజ రంగులో కనిపిస్తాయి. నేను మొదటిసారి చూసి తెగులేమో అనుకుని సగం కోసిపారేశాను! ఈ మొక్కకి అదే సహజమైన రంగు. గట్టిగా ఉన్నవాటి జోలికి పోకండి, మెత్తబడి నల్లగా ఉన్నవి మాత్రమే కోసేయండి. ఇదివరకు మట్టి ఎంతవరకు ఉందో ఇప్పుడూ అంతవరకే ఉండాలి. ఆకుల మొదళ్లని పాతిపెట్టొద్దు.

ఇక కష్టమైన పని: నాటగానే నీళ్లు పోయకుండా ఉండటం. తెగిన చోట్లు ఆరడానికి అయిదారు రోజులివ్వండి. ఆ తర్వాత ఎప్పుడైనా వేలు రెండంగుళాలు లోపలికి గుచ్చి, పొడిగా తగిలితేనే పోయండి. ఎరువు రెండు నెలల దాకా అక్కర్లేదు. ఇంట్లో పిల్లిగానీ కుక్కగానీ ఉంటే కోసిన ముక్కలు నేలమీద వదలకండి, నమిలితే వాంతులవుతాయి.

ప్రశ్న: పసుపు అంచు ఉన్న స్నేక్ ప్లాంట్ ఆకు ముక్క గుచ్చితే, వచ్చిన పిలకలన్నీ ఉత్త ఆకుపచ్చగా ఉన్నాయి. వేరే రకం ఆకు ఇచ్చారా?
– మరో పాఠకుడు

జవాబు: మోసమేం లేదు, మీకిచ్చింది ఆ ఆకే. ఆకు ముక్క నుంచి పుట్టే పిలకకి ఆ పసుపు అంచు రాదు. అది కావాలంటే తల్లి మొక్కని కుండీ మార్చేటప్పుడు, రెండు మూడు ఆకులు, కాసిని వేళ్లు ఉండేలా దుంపతో సహా కోసి ఇమ్మని అడగండి. మొదటి ప్రశ్న వేసినావిడ లాంటివాళ్లు మీకు తెలిసినవాళ్లలో ఉంటే, అడగాల్సింది ఇప్పుడే.