గో-అరౌండ్‌లో విమానం ముక్కు లేచిందని శిక్షణ మాన్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి కమర్షియల్ పైలట్ శిక్షణలో ఉన్నాడు. 60 గంటలు ఎగిరాడు. పోయిన వారం ల్యాండింగ్ వద్దనుకుని గో-అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేవడం) చేస్తుంటే సెస్నా 172 అనే చిన్న విమానం ముక్కు ఒక్కసారిగా పైకి లేచిందట. యోక్‌ని (స్టీరింగ్ లాంటి పిడిని) నెట్టినా బరువుగా ఉందట. పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ సరిచేశారు. అప్పట్నుంచి వాడికి టెన్షన్. లోన్ తీసుకుని ఫీజు కట్టాం. మాన్పించమంటారా?
– ఓ తండ్రి, కరీంనగర్

జవాబు: ఇప్పుడే వద్దండి. మీరు రాసినదాన్ని బట్టి ఇది విమానంలో లోపం కాకపోవచ్చు, ట్రిమ్ (యోక్‌ని పట్టుకునే ఉండనక్కర్లేకుండా ముక్కును ఒక స్థితిలో నిలిపే సర్దుబాటు) సంగతి అయ్యుండొచ్చు. దిగేటప్పుడు చేతికి శ్రమ తగ్గడానికి ట్రిమ్‌ని ముక్కు పైకి ఉండేలా పెడతారు. దాన్ని అలాగే ఉంచి ఫుల్ పవర్ ఇస్తే ముక్కు లేస్తుంది, ఎడమకూ తిరగబోతుంది. వేగం పడిపోతే స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోతాయి, అదీ నేలకు దగ్గర్లో. బరువుగా ఉన్నా యోక్‌ని ముందుకు నెట్టి పట్టుకోవాలి. కుడి రడ్డర్ (తోక చుక్కాని) ఇచ్చి, ట్రిమ్ చక్రం తిప్పి, ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక దించే పలకలు) విడతలవారీగా తీయాలి. రేడియోలో మాట్లాడటం ఆ తర్వాతే. దీన్ని మంచి ఎత్తులో మళ్లీ చేయించమని మీవాడే ఇన్‌స్ట్రక్టర్‌ని అడగాలి. అడగడానికి మొహమాటపడితే మాత్రం నాకు అదే ఎక్కువ దిగులు.

ట్రిమ్ దానంతటదే తిరిగిందంటే కథ వేరు. ఆటోపైలట్ ఉన్న విమానాల్లో అరుదుగా అలా జరుగుతుంది. యోక్ గట్టిగా పట్టుకుని, ఆటోపైలట్ డిస్‌కనెక్ట్ బటన్ నొక్కి, సర్క్యూట్ బ్రేకర్ లాగేయాలి. దిగాక లాగ్‌బుక్‌లో రాయాలి. ఇంజినీర్ చూసేదాకా ఆ విమానం ఎక్కకూడదు.

భయం ఉండటం తప్పేం కాదు. ఆ రోజు ఏం జరిగిందో వరసగా చెప్పగలుగుతున్నాడా, ఇన్‌స్ట్రక్టర్‌తో మళ్లీ ఎగిరితే భయం తగ్గుతోందా అన్నది చూడండి. ‘ఐ హ్యావ్ కంట్రోల్’ (ఇక నేను నడుపుతా) అని ఇన్‌స్ట్రక్టర్ అన్నాక కూడా చేతులు బిగుసుకుపోయి యోక్ వదలలేకపోతే అది ప్రమాదం. అప్పుడు సోలో (ఒంటరిగా ఎగరడం) ఆపించి, చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడండి. లైసెన్స్‌కి 200 గంటలు కావాలి. ఎయిర్‌లైన్‌లో చేరాక కూడా ఆర్నెల్లకోసారి సిమ్యులేటర్‌లో ఇలాంటి ఇబ్బందులే పెట్టి పరీక్షిస్తారు. వీటితో ఎప్పటికీ పడనివాళ్లకు ఈ ఉద్యోగం నరకమే. వాళ్లకు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, ఫ్లైట్ డిస్పాచ్ (నేల మీద నుంచి విమాన ప్రయాణాల ప్లాన్ వేసే పని) లాంటి దారులున్నాయి.

మాన్పించే ఆలోచన గట్టిపడితే, ముందు స్కూల్ అగ్రిమెంట్‌లో రీఫండ్ షరతులు చదవండి. ఎగరని గంటల డబ్బు వెనక్కిస్తారో లేదో రాతపూర్వకంగా అడగండి.