పర్లాకిమిడి నుంచి స్పేస్ స్టేషన్‌ని సూర్యుడి ముందు పట్టుకోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్ నమ్మాలి?

మీరు అడిగినవి రెండు. అంతర్జాతీయ స్పేస్ స్టేషన్ సూర్యుడి ముందు నుంచి దాటే టైమ్‌ని వారం ముందు సాఫ్ట్‌వేర్ చూపిస్తే నమ్మొచ్చా? మేడ మీద నుంచే ఫొటో తీయొచ్చా? మొదటిదానికి నమ్మొద్దనే చెప్తాను. రెండోది చాలా అరుదుగా కుదురుతుంది. నేనూ పర్లాకిమిడిలోనే ఉంటున్నానండి, కాబట్టి మన చుట్టుపక్కల లెక్కతోనే చెప్తాను.

నేను ట్రాన్సిట్ ఫైండర్ సైట్ వాడతాను. మన ఊరికి 18.78 ఉత్తర అక్షాంశం, 84.09 తూర్పు రేఖాంశం ఇచ్చి, ఎంత దూరం వెళ్లగలరో కూడా చెప్పండి. సూర్యుడి మీదుగా, చంద్రుడి మీదుగా స్టేషన్ దాటే తేదీలతో పాటు, ఎక్కడ నిలబడితే అది కనిపిస్తుందో మ్యాప్ మీద ఒక గీత కూడా చూపిస్తుంది. అసలు చూడాల్సింది ఆ గీతే. దూరం సున్నా పెడితే నెలలకి నెలలు ఏమీ దొరక్కపోవచ్చు. అదే గుణుపురం దాకా వెళ్తానంటే ఆశ ఉంటుంది. సరిచూసుకోడానికి ఆకాశాన్ని తెర మీద చూపించే స్టెల్లేరియం అనే సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో శాటిలైట్ ప్లగిన్ ఆన్ చేసి, కక్ష్య వివరాలు అప్‌డేట్ చేశాకే చూడండి.

టైమ్ ఎందుకు తప్పుతుందంటే, ఈ సాఫ్ట్‌వేర్లన్నీ టీఎల్ఈ అనే రెండు వరుసల అంకెల నుంచి లెక్క కడతాయి. స్టేషన్ ఉండే నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తులో కూడా పల్చగా గాలి ఉంటుంది, అది వేగాన్ని కాస్త కాస్త తినేస్తుంది. సూర్యుడు చురుగ్గా ఉంటే ఆ పై గాలి ఉబ్బి రాపిడి పెరుగుతుంది. మధ్యమధ్యలో ఇంజన్లు వెలిగించి స్టేషన్‌ని పైకి లేపుతారు కూడా. అప్పుడు పాత అంకెలు పనికిరావు. వారం కిందటి అంకెలతో చూస్తే కొన్ని సెకన్లు అటూ ఇటూ అవడం మామూలే.

సెకన్లే కదా అనుకోవద్దు. మన అక్షాంశంలో భూమి సెకనుకి దాదాపు 440 మీటర్లు తూర్పుకి తిరుగుతుంది. స్టేషన్ ఐదు సెకన్లు ఆలస్యమైందంటే గీత రెండు కిలోమీటర్ల పైన పడమరకి, అంటే కాశీనగర్ వైపు జరిగిపోతుంది. సూర్యుడు నడినెత్తిన ఉంటే దాటడం కనిపించే పట్టీ మొత్తం వెడల్పే నాలుగు కిలోమీటర్ల లోపు! అందుకే నా మాట, టైమ్ కంటే చోటు ముఖ్యం. టైమ్ తేడాని వీడియో కాస్తుంది, అర నిమిషం ముందే రికార్డింగ్ మొదలెడితే సరి. తప్పు చోట నిలబడితే ఏ కెమెరా కాయదు. ముందు రోజు రాత్రి ఒకసారి, బయల్దేరే ముందు ఇంకోసారి కొత్త అంకెలతో చూసుకుని, పట్టీ నడిమధ్యనున్న గీత మీదకి వెళ్లండి.

చలికాలంలో ఒకసారి ఆ గీత పాతపట్నం రోడ్డు పక్కనున్న వరి మళ్ల మీదుగా పడింది. కోతలు అయిపోయాయి కాబట్టి గట్టు మీద స్టాండు వేశాం. మా బావమరిది కొడుకు గొడుగు పట్టుకుని స్క్రీన్‌కి నీడ చేస్తూ ఫోన్ గడియారం చూసి పైకి లెక్కపెట్టాడు. కంటికి ఏమీ తెలీలేదు, దాటడానికి పట్టేది అర సెకను పైచిలుకే కదా. తర్వాత వీడియోని ఒక్కో ఫ్రేమ్ జరుపుతుంటే, సూర్యుడి మచ్చ పక్క నుంచి రెక్కలు చాపిన చిన్న నల్ల తూనీగలా వెళ్తూ కనిపించింది. ఆరుగురు ఏడుగురు మనుషులు బతికే ఇల్లు అది! వాడు ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశాడో.

లెన్స్ 300 ఎంఎం ఉన్నా చాలు గానీ, మామూలు ఫుల్ హెచ్‌డీ వీడియోలో స్టేషన్ ఏడెనిమిది పిక్సెళ్లకి మించదు. మీ కెమెరాలో క్రాప్ వీడియో, అంటే సెన్సర్ మధ్య భాగంతోనే తీసే వీడియో ఉంటే అదే వాడండి. ఫోకస్ సూర్యుడి మచ్చ మీద పెట్టుకోండి, ఆటో ఫోకస్ ఆపేయండి. షట్టర్ సెకనులో వెయ్యో వంతు, అంతకంటే వేగంగా. పొద్దుటి పూట మేలు. ఎండ ముదిరాక పొలం మీది వేడికి సూర్యుడి అంచు అలలు అలలుగా కదులుతుంది.

ఒక్క విషయంలో మాత్రం బతిమాలుకుంటున్నాను. గ్రహణం అప్పుడు మనవైపు ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టిన అద్దాలు తీస్తారు. అవి వద్దు. సూర్యుడి కోసమే చేసిన సోలార్ ఫిల్టర్ లెన్స్ ముందు భాగానికి, గాలికి ఊడకుండా టేపు వేసి బిగించండి. కెమెరా వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి చూడొద్దు, స్క్రీన్ మీదే చూడండి. పిల్లలు దగ్గరుంటే ఇంకా జాగ్రత్త.

ఫిల్టర్ ఇంకా కొనలేదంటే ముందు చంద్రుడితో మొదలుపెట్టండి. దానికి ఫిల్టర్ అక్కర్లేదు, గీత పద్ధతి మాత్రం అదే. పున్నమికి దగ్గరి రోజులైతే వెలుగు బాగా ఉండి షట్టర్ వేగం పెంచుకోవచ్చు. మీ లెన్స్ ఏదో రాయండి, సెట్టింగులు చెప్తాను.