చాటింపు పడనిదే పెళ్లి లేదు

ప్రశ్న: 1600లలో న్యూ ఇంగ్లండ్ వలసల్లో (అమెరికా ఈశాన్య తీరంలో ఇంగ్లిషువాళ్లు స్థిరపడ్డ ప్లిమత్, మసాచుసెట్స్ వంటివి) అబ్బాయి తనకు నచ్చిన పిల్లను నేరుగా పెళ్లికి అడగవచ్చా? పెద్దలు కాదంటే ఏం చేసేవారు?

జవాబు: అడగకూడదు. ముందు ఆమె తండ్రి ఒప్పుకోవాలి. ఆమె ఎవరింట్లోనైనా పనిపిల్లగా ఉంటే యజమాని ఒప్పుకోవాలి. ఇది చట్టమే. ప్లిమత్ గవర్నర్ థామస్ ప్రెన్స్ కూతురు ఎలిజబెత్‌ను ఆయన అనుమతి లేకుండా పెళ్లికి అడిగాడని ఆర్థర్ హౌలాండ్ అనే యువకుడికి 1660లో కోర్టు 5 పౌండ్ల జరిమానా వేసింది. 1667లో అదే నేరానికి మళ్లీ కోర్టుకెక్కాడు. చివరికి ఆమెనే చేసుకున్నాడు!

అయితే తండ్రి మాటకూ హద్దుంది. సరైన కారణం లేకుండా మొండికేసి పిల్లల పెళ్లి ఆపితే, వాళ్లు అధికారులకు ఫిర్యాదు చేసుకోవచ్చని మసాచుసెట్స్ 1641లోనే చట్టంలో రాసుకుంది. ఈ సంగతి వదిలేసి ఆ సమాజాన్ని అంచనా వేయడం అన్యాయం.

ప్రశ్న: పెళ్లి చర్చిలో జరిగేదా?

జవాబు: లేదు. పెళ్లిని వాళ్లు మతకర్మగా చూడలేదు. ఆస్తి, వారసత్వం ముడిపడిన ఒప్పందంగా చూశారు. అందుకే మెజిస్ట్రేటు చేయించేవాడు. ఉంగరం మార్చుకోవడాన్నీ ప్యూరిటన్లు (అక్కడ స్థిరపడ్డ, ఆడంబరాలు గిట్టని ప్రొటెస్టంట్ క్రైస్తవులు) ఇష్టపడలేదు. ప్లిమత్‌లో మొదటి పెళ్లి, 1621 మే 12న ఎడ్వర్డ్ విన్‌స్లో, సుసానా వైట్‌లది, ఇలాగే జరిగింది. వలస వచ్చిన తొలి చలికాలం తిరిగేసరికి ఆయన భార్యను, ఆమె భర్తను పోగొట్టుకున్నారు. మసాచుసెట్స్‌లో పాదిరీలకు పెళ్లి చేయించే హక్కు 1686 దాకా రాలేదు.

అసలు కీలకం చాటింపు. ఫలానావాళ్ల పెళ్లి జరగబోతోందని జనం కూడిన చోట మూడుసార్లు ప్రకటించాలి, లేదా అందరికీ కనబడే స్తంభానికి 14 రోజులు కాగితం అంటించాలి. సముద్రం దాటి వచ్చినవాడికి ఇంగ్లండ్‌లో ఇంకో భార్య ఉంటే బయటపడాలి కదా! 1641లో గవర్నర్ రిచర్డ్ బెల్లింగ్‌హామ్ చాటింపు లేకుండా, తన పెళ్లి తానే చేయించుకుని అభియోగానికి గురయ్యాడు. గవర్నరే న్యాయమూర్తి కూడా కాబట్టి, విచారణకు న్యాయపీఠం దిగి రమ్మంటే దిగలేదు.

ప్రశ్న: కట్నాలు ఉండేవా?

జవాబు: రెండువైపులా ఇచ్చేవారు. అబ్బాయి తండ్రి సాధారణంగా భూమి, పిల్ల తరఫువారు డబ్బు, పశువులు, ఇంటి సామాను. తండ్రి భూమి వదలకపోతే కొడుకు పెళ్లి ఏళ్ల తరబడి ఆగేది. పెళ్లయ్యాక భార్య చరాస్తి భర్త పరమయ్యేది. భర్త పోతే అతని భూమిలో మూడోవంతు బతికినంతకాలం ఆమె అనుభవించవచ్చు, అమ్ముకోలేదు. అందుకే మళ్లీ పెళ్లాడే వితంతువులు కొందరు తమ ఆస్తి తమకే ఉండేలా ముందే కాగితం రాయించుకునేవారు.