డాబా ముందు, కర్టెన్లు తర్వాత

ప్రశ్న: మాది విజయవాడ. 1,050 చదరపు అడుగుల సొంత డాబా ఇల్లు. మావారి జీతం చేతికి 62,000 వస్తుంది. ఇంటి రుణం వాయిదాతో సహా నెల ఖర్చు 46,000. సిప్‌కు 6,000 (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) పోగా 10,000 మిగులుతుంది. సేవింగ్స్ ఖాతాలో 38,000, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 3 లక్షలు ఉన్నాయి. ఈ వేసవి సెలవుల్లో ఇల్లంతా కొత్తగా తీర్చిదిద్దుకోవాలని కోరిక. డాబా పగుళ్లు పూడ్చి చలువ పూత వేయడానికి 35,000, లోపలి గోడల రంగులకు 70,400 (3,200 చదరపు అడుగులు, అడుగుకు 22 చొప్పున), కొత్త సోఫాకు 65,000, కర్టెన్లు, దుప్పట్లకు 28,000, కరెంటు తక్కువ తినే ఫ్యాన్లు మూడింటికి 9,600 అవుతుందని తేలింది. నేను తాడును ముడులు వేసి అల్లే మాక్రమే అల్లికలు నేర్చుకున్నాను. అమ్మకానికి చేద్దామని సామగ్రికి 30,000 అనుకున్నాను. ఒక గోడ అలంకరణకు తాడు 280, చెక్క కడ్డీ 60, పూసలు 40 అవుతాయి. ఏడు గంటల పని, 600కు అడుగుతున్నారు. ఇప్పుడు డిపాజిట్ తీసేయమంటారా, సోఫా సున్నా వడ్డీ వాయిదాల్లో కొనమంటారా, ఇంటి రుణం మీద టాప్-అప్ తీసుకోమంటారా? బంగారం కూడా కొంత ఉంది.

జవాబు: మీ పద్దులన్నీ కూడితే 2,38,000. ఇల్లు బాగుచేయించుకుంటామని రాసేవారిలో ఎక్కువమంది "లక్షో, రెండు లక్షలో అవుతుంది" అని ఊరుకుంటారు. మీరు గోడల కొలత కూడా రాశారు కాబట్టి నా పని తేలికైంది. డబ్బు ఎక్కడినుంచి తేవాలని మీరు అడిగారు. నేను మాత్రం ముందు ఏ పని ఎప్పుడు చేయించాలో చెబుతాను. ఆ వరస కుదిరితే అప్పు ఊసు లేకుండానే వచ్చే ఉగాదికి ఇందులో చాలావరకు పూర్తవుతుంది.

ముందుగా ఆ 3 లక్షల సంగతి. ఇంట్లో ఒక్కరి జీతమే ఆధారం. నెల ఖర్చు 46,000 అంటే ఆరు నెలలకు 2,76,000 కావాలి. ఆ డిపాజిట్ దాదాపు అంతే ఉంది. ఉద్యోగం పోయినా, ఎవరైనా ఆసుపత్రిలో చేరినా ఆదుకునేది అదొక్కటే. మధ్యలో తీస్తే చాలా బ్యాంకులు అర శాతం నుంచి ఒక శాతం దాకా వడ్డీ కోసుకుంటాయి. దాన్ని ముట్టుకోవద్దనడానికి అది చిన్న కారణం, ఒంటి జీతం పెద్ద కారణం.

టాప్-అప్, అంటే ఉన్న ఇంటి రుణం మీదే తీసుకునే అదనపు అప్పు, వడ్డీ తక్కువ కాబట్టే ప్రమాదం. 2.38 లక్షలకు అటూ ఇటూగా 2.40 లక్షలు 9 శాతానికి 15 ఏళ్లకు తీసుకున్నారనుకోండి. నెల వాయిదా 2,434 మాత్రమే కనిపిస్తుంది. మొత్తం కట్టేది 4.38 లక్షలు. మీ కర్టెన్లు నాలుగు వేసవులకు వెలిసిపోతాయి, వాటి బాకీ మాత్రం పిల్లల ఇంజినీరింగ్ దాకా నడుస్తుంది. పన్ను ఆదా అవుతుందని ఎవరైనా చెబితే ఇది గుర్తుంచుకోండి: సొంతంగా ఉంటున్న ఇంటి మరమ్మతు రుణం మీద వడ్డీకి ఏడాదికి 30,000 వరకు మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. అదీ ఇంటి రుణం వడ్డీకి ఉన్న 2 లక్షల పరిమితికి లోబడే. కొత్త విధానంలో ఆ ముచ్చటే లేదు. బంగారం గురించి ఎక్కువ చెప్పను. గోడల రంగుల కోసం నగలు కుదువ పెట్టవద్దు.

ఇక సున్నా వడ్డీ. ఈ పేరుతో బ్యాంకులు పథకాలు నడపడాన్ని రిజర్వు బ్యాంకు 2013లోనే తప్పుబట్టింది. ఇప్పుడు నడుస్తున్నది కాస్త తెలివైన ఏర్పాటు. 65,000 సోఫాకు 12 నెలల వాయిదా 5,417. వడ్డీ 16 శాతమైతే ఆ 65,000లో సుమారు 5,300 వడ్డీయే. ఆ మేరకు దుకాణం ధర తగ్గించినట్టు చూపుతుంది, బ్యాంకు దాన్ని వడ్డీగా మీ దగ్గర వసూలు చేస్తుంది. క్రెడిట్ కార్డు మీదైతే ఆ వడ్డీకి 18 శాతం జీఎస్టీ, అంటే దాదాపు 950, పైన ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తినే పడతాయి. కాబట్టి దుకాణంలో అడగవలసిన మాట ఒక్కటే: "ఇప్పుడే మొత్తం కట్టేస్తే ఎంతకిస్తారు?" వాయిదాల వారికి వదులుకునే 5,300 మీకూ వదులుకోగలరు. ఒప్పుకోకపోతే ఆ సోఫా అసలు ధర ఎంతో మీకు తెలిసిపోయినట్టే.

ఇప్పుడు పనుల సంగతి. డాబా పని ఆగదు. జూన్‌లో వానలు మొదలయ్యాక పగుళ్లలోకి తడి దిగుతుంది, పూత పట్టదు. ఏప్రిల్, మే నెలల్లోనే అయిపోవాలి. మధ్యాహ్నం కాలిపోతున్న శ్లాబు మీద పూత వేయనివ్వకండి. తొందరగా ఎండి పొరలుగా లేస్తుంది. పొద్దున్నే, లేదా ఎండ దిగాక వేయించండి. ముందు పాచి, దుమ్ము గీకి కడగాలి, పగుళ్లు పూడ్చాలి, అవి ఆరాలి, ఆ తర్వాతే పూత. తెల్లటి పూత ఎండను తిప్పికొడుతుంది కాబట్టి డాబా కింది గదుల్లో వేడి తెలిసేంతగా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చలువ పైకప్పుల కోసం ఏకంగా ఒక విధానమే తెచ్చింది. 35,000 మరీ బరువనిపిస్తే పగుళ్ల పని మాత్రం గట్టిగా చేయించి, పైన సున్నం కొట్టించండి. వానలకు పోతుంది, ఏటా కొట్టించాలి, కానీ ఖర్చు చాలా తక్కువ.

రంగులు ఈ వేసవిలో వద్దు. మీకు నచ్చని మాటే, కానీ కారణం ఉంది. పగుళ్లున్న డాబా కింద గోడల్లో చెమ్మ ఉండి ఉంటుంది. చెమ్మ మీద లప్పం పెట్టి ఎంత ఖరీదైన రంగు వేసినా ఏడాది తిరగకముందే పెచ్చులు లేస్తాయి. పైకప్పుకు దగ్గరగా గోడ మీద జానెడు ప్లాస్టిక్ కాగితం పెట్టి నాలుగు వైపులా టేపు అంటించండి. ఒకటి రెండు రోజుల తర్వాత తీసి చూడండి. లోపలివైపు తడి కనిపిస్తే గోడ ఇంకా ఆరలేదని అర్థం. డాబా మరమ్మతు ఒక వానాకాలం నిలిచిందో లేదో చూశాక, సంక్రాంతి హడావుడి తగ్గిన ఫిబ్రవరిలో రంగులు పెట్టుకోండి. పనివాళ్లు దొరుకుతారు, గాలి పొడిగా ఉంటుంది, ఉగాదికి గోడలు కొత్తగా ఉంటాయి. ఒక చిన్న సంగతి: కొలతలో కిటికీలు, తలుపులు తీసేశారా లేదా అని అడగండి. 3,200లో అవి కలిసి ఉంటే, అడుగుకు 22 చొప్పున మీరు గాలికి కూడా రంగు వేయిస్తున్నట్టే.

ఫ్యాన్లు ఇప్పుడే కొనండి. పాత ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాను (మీరు చెప్పిన కరెంటు తక్కువ తినే రకం) 30 వాట్లు అనుకుంటే, మూడూ రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 49 యూనిట్ల దాకా తేడా. ఆంధ్రప్రదేశ్‌లో 225 యూనిట్లు దాటాక ఒక్కో యూనిట్ 8.75. వేసవిలో మీ వాడకం ఆ శ్లాబులోకి వెళుతుంటే నెలకు 425 మిగులుతుంది. మిగతా నెలల్లో అంత ఉండదు. అయినా మూడేళ్లలో 9,600 తిరిగొస్తుంది. ఏసీ ఉంటే 24 డిగ్రీల దగ్గర పెట్టి ఫ్యాను కలపండి. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతోంది.

వట్టివేళ్ల తడికలు కట్టాలన్న ఆలోచన మీ జాబితాలో లేదు కానీ చెబుతున్నాను. వడగాలి వీచే రోజుల్లో బ్రహ్మాండంగా పనిచేస్తాయి. ఉక్కపోత రోజుల్లో గదిలో తేమ పెంచి ఇంకా ఇబ్బంది పెడతాయి. పడమటి కిటికీ ఒక్కదానికి కట్టి చూడండి.

కర్టెన్లకు ఆషాఢం దాకా ఆగండి. తగ్గింపుల బోర్డులన్నీ నిజం కావు, కాబట్టి ఇప్పుడే ధరలు రాసిపెట్టుకుంటే అప్పుడు పోల్చుకోవచ్చు. రెడీమేడ్ కన్నా మంగళగిరి నూలు గుడ్డ మీటర్ల లెక్కన కొని కుట్టించుకోవడం చవక. పెడన కలంకారీ మీద మీకు మోజు ఉంటే ఎండ నేరుగా తగలని చోట వేయండి. పడమటి ఎండకు ఆ రంగులు వెలుస్తాయి. అక్కడ చిక్కటి సాదా గుడ్డ, వెనక అస్తరు చాలు. 28,000 అంతా ఒకేసారి పెట్టకుండా ముందు పడమటి గదికి పూర్తి చేయండి.

సోఫా విషయంలో చట్రం గట్టి కర్రదైతే కొత్తది కొనకండి. కూర్చునే చోట కుంగితే ఫోము, పట్టీలు మార్చి, గుడ్డ మార్చాలి. ఇద్దరు పనివాళ్లను అడిగి అంచనా తీసుకోండి. కొత్తదాని ధరలో మూడోవంతుకు మించితేనే మళ్లీ ఆలోచిద్దాం. దీపావళికి మీవారికి బోనస్ వస్తే దానికి కేటాయించండి.

నెలవారీ లెక్క ఇలా వస్తుంది. ఇప్పుడున్న 38,000కు ఏప్రిల్, మే మిగులు 20,000 కలిపితే 58,000. డాబా, ఫ్యాన్లు 44,600. మిగిలిన 13,400లో మీ అల్లికల సామగ్రికి 4,000. జూన్ మిగులు 10,000 పిల్లల పుస్తకాలు, ఫీజులు ఉంటే వాటికి వదిలేయండి. జూలై మిగులుతో, చేతిలోని 9,400తో కర్టెన్లు మొదలుపెట్టండి. ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా నెలకు 10,000 రికరింగ్ డిపాజిట్ వేస్తే 70,000, పైన కొంత వడ్డీ. రంగుల ఖర్చు 70,400 కదా. సిప్ 6,000 ఆపవద్దు. దసరా ఖర్చు ఈ లెక్కలో లేదు, ఒక నెల తప్పితే రంగులు మార్చికి జరుగుతాయి, అంతే.

మీ అల్లికల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. 30,000 ఎందుకు వద్దంటున్నానో మీ అంకెలే చెబుతాయి. తాడు, కడ్డీ, పూసలు కలిపి 380. అమ్మకం 600. ప్యాకింగు, కొరియరుకు 90 తీస్తే చేతికి 130. ఏడు గంటల పనికి 130 అంటే గంటకు 19 కూడా లేదు. ఇది 30,000 సామగ్రితో బాగుపడే లెక్క కాదు, ఎంత ఎక్కువ చేస్తే అంత ఎక్కువ అలసట. కనీసం 950 రాకపోతే ఆ పెద్ద డిజైను అమ్మకానికి పెట్టకండి. మీ హాలు గోడకు ఒకటి వేసుకోండి, చూసినవారు అడిగితే అప్పుడు ఆర్డరు, సగం డబ్బు ముందు. అమ్మకానికైతే గంటలో పూర్తయ్యే ఉట్లు, తాళం చెవుల కుచ్చులు, గుమ్మం తోరణాలు మేలు. వరలక్ష్మీ వ్రతానికి ఇచ్చుకునే చిన్న కానుకలుగా ఇవి పోతాయి. కానీ శ్రావణంలో అమ్ముడయ్యేవి మేలో చేస్తే సామగ్రి డబ్బు మూడు నెలలు ఇరుక్కుంటుంది. అందుకే 4,000తో మొదలు. తాడు ఒకే రంగు, ఒకే మందం కొనండి. రంగురంగులు కొంటే ప్రతిదీ కొసరు మిగులుతుంది.

అల్లికల డబ్బుకు వేరే సేవింగ్స్ ఖాతా తెరవండి. కూరగాయల డబ్బులో కలిపేస్తే లాభమో నష్టమో మీకే తెలియదు. డ్వాక్రా సంఘంలో ఉంటే మేళాలలో స్టాలు దొరుకుతుందేమో అడగండి. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉచితం, దానికి డబ్బు అడిగే మధ్యవర్తులను దగ్గరికి రానివ్వకండి. ఈ స్థాయిలో, తెలిసినవారికి అమ్మినంతకాలం జీఎస్టీ గురించి కంగారు అక్కర్లేదు.

డాబా మేస్త్రితో మాట్లాడేటప్పుడు మొత్తం 35,000 పని అయిన రోజే చేతిలో పెట్టకండి. పూత ఏ రకం, ఎన్ని పొరలు, పగుళ్ల పని అందులోనే ఉందా అన్నది కాగితం మీద రాయించండి. 5,000 ఆపి, రెండు పెద్ద వానలు పడ్డాక ఇస్తానని ముందే చెప్పండి. ఒప్పుకోని మేస్త్రి అయితే ఇంకొకరిని పిలవండి, ఏప్రిల్‌లో ఇంకా సమయం ఉంది.