జాజ్ గిటార్ సోలో చెవితో విని నేర్చుకోవడానికి ఎంతకాలం పడుతుంది? ట్యాబ్ చూస్తే సరిపోదా?

రెండేళ్లుగా గిటార్ మీద సినిమా పాటలు వాయిస్తున్నానని, ఇప్పుడు ఒక పాత జాజ్ సోలో పట్టుకోవాలని ఉందని రాశారు. ఎన్నాళ్లు పడుతుంది, నెట్‌లో ట్యాబ్ (ఏ తీగ మీద ఏ ఫ్రెట్ నొక్కాలో అంకెల్లో రాసిన కాగితం) దొరుకుతుంటే చెవితో కుస్తీ ఎందుకు అని మీ ప్రశ్న. నాకు ట్యాబ్‌తో మూడు వారాలు పట్టింది, చెవితో ఐదు నెలలు. రెండూ ఒకే సోలోకి. ట్యాబ్‌తో వచ్చిన అలవాట్లు వదిలించుకున్న రోజులు కూడా ఆ ఐదు నెలల్లోనే ఉన్నాయి.

నేను ఎంచుకున్నది అమెరికా గిటారిస్టు గ్రాంట్ గ్రీన్ 'ఐడిల్ మూమెంట్స్'. న్యూజెర్సీ ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లోని రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో 1963 నవంబరు 4న బ్లూ నోట్ రికార్డుల కంపెనీ కోసం రికార్డు చేశారు. కట్టింది పియానో వాయించిన డ్యూక్ పియర్సన్. జో హెండర్సన్ టెనర్ సాక్సోఫోన్, బాబీ హచర్సన్ వైబ్రాఫోన్, బాబ్ క్రాన్‌షా బాస్, ఆల్ హేర్‌వుడ్ డ్రమ్స్. సి మైనర్, బాగా నెమ్మది, దాదాపు పదిహేను నిమిషాలు. అంత నిడివి అనుకుని చేసింది కాదు. ఒక కోరస్ (పాట కట్టడం మొత్తం ఒక చుట్టు) అంటే 16 బార్లా, 32 బార్లా (బార్ అంటే ఇక్కడ నాలుగు బీట్ల ఆవర్తనం అనుకోండి) అన్న దగ్గర వాయిస్తూండగానే గందరగోళం వచ్చి పాట సాగిపోయింది. ఎల్‌పీలో దీనికి మిగిలిన చోటు ఏడు నిమిషాలే. నిర్మాత ఆల్ఫ్రెడ్ లయన్ మళ్లీ ప్రయత్నిద్దామన్నాడు గానీ, చివరికి ఈ టేక్‌నే ఉంచుకుని మిగతా పాటల్లో రెండింటిని నవంబరు 15న కుదించి మళ్లీ రికార్డు చేశారు. అంటే మనం ఈ రోజు వింటున్నది ఒక లెక్క తప్పు. ఎవరూ తొందరపడకపోవడం వల్ల బతికిపోయిన లెక్క తప్పు.

దీన్ని ఎంచుకోవడానికి నా కారణం మాత్రం బద్ధకం. గ్రాంట్ గ్రీన్ సోలోల్లో కార్డులు (కలిపి మీటే స్వరాలు) దాదాపు ఉండవు, ఒక స్వరం తర్వాత ఒక స్వరం. పైగా నెమ్మది. ఇంకేం, సులువు అనుకున్నాను. ఎక్కడో దొరికిన పీడీఎఫ్ ట్యాబ్ దింపుకుని, మియాపూర్ ఫ్లాట్‌లో రాత్రిళ్లు కూర్చుని కంఠతా పట్టాను. ఒక శనివారం స్నేహితులు కలిసినప్పుడు బాస్ వాయించే ఒకాయనతో కలిసి వాయించాను. అయిపోయాక ఆయన అన్నది ఇదీ: "స్వరాలన్నీ ఉన్నాయండీ. కానీ నేను ఇంకా ఇక్కడే ఉంటే మీరు వెళ్లిపోతున్నారు."

ఆ మాట నాకు కొత్త కాదు. రాజమండ్రిలో చిన్నప్పుడు నాలుగేళ్లు సంగీతం నేర్పిన మాస్టారు కూడా ఇదే అనేవారు. వర్ణం మొదటి కాలంలో పాడుతుంటే మేం పరిగెత్తేవాళ్లం. రెండో కాలంలో బాగానే ఉండేది. "తాళం తప్పలేదురా, కాలప్రమాణం జారింది" అనేవారు. ఆయన దగ్గర ఇంకో పట్టింపు ఉండేది. ఆయన పాడాలి, మేం పాడాలి, ఆ సంగతి నోట్లోకి దిగేదాకా పుస్తకం తెరవకూడదు. అప్పట్లో చాదస్తం అనుకున్నాను. ముప్ఫై ఎనిమిదేళ్లొచ్చాక, అమెరికా గిటారిస్టు సోలో కోసం మళ్లీ ఆ పద్ధతికే వచ్చాను.

ట్యాబ్ పక్కన పెట్టేసి మొదట చేసింది వినడం. గిటార్ ముట్టుకోకుండా రెండు వారాలు, ఆఫీసుకు వెళ్తూ మెట్రోలో. తర్వాత పాడటం. గొంతు బాగుండక్కర్లేదు, కూనిరాగం చాలు. కానీ రికార్డుతో కలిసి పాడుతుంటే నాకు ఒకటి తెలిసింది: ప్రతి ఫ్రేజ్ (ఒక్క ఊపులో వచ్చే స్వరాల వాక్యం) దగ్గరా నేను ముందే నోరు తెరుస్తున్నాను. గ్రీన్ బీట్ వచ్చాక, దాన్ని కాస్త పోనిచ్చి, అప్పుడు అందుకుంటాడు. మనవాళ్లు ఎడుపు (తాళంలో పాట అందుకునే చోటు) అని లెక్క కట్టే లాంటిది కాదు, అంతకంటే చిన్న తేడా. కాగితం మీద దాన్ని ఎలా రాస్తారు? నా పీడీఎఫ్‌లో అవన్నీ సరిగ్గా బీట్ మీదే ఉన్నాయి. రాసినవాళ్లను తప్పుపట్టను, రాతలో ఇమిడేది అంతే.

ఆ తర్వాతే గిటార్. రెండేసి బార్లు లూప్‌లో పెట్టుకుని వెతికాను. మొదటి ఎనిమిది బార్లకే మూడు వారాలు పోయాయి, చివరి ఎనిమిదికి నాలుగు రోజులు. చెవికి ఒక మనిషి మాటతీరు అలవాటైతే మిగతాది వేగంగా వస్తుంది. వేగం తగ్గించే యాప్‌లు ఉన్నాయి కదా అంటారేమో. మధ్యలో రెట్టింపు వేగంతో వచ్చే పరుగుల కోసం నేనూ వాడాను. కానీ ఇంత నెమ్మదైన పాటను ఇంకా తగ్గిస్తే బాస్‌కీ గిటార్‌కీ మధ్య ఉన్న లాగుడు కనిపించకుండా పోతుంది. స్వరం దొరగ్గానే అసలు వేగానికి తిరిగి రండి. ఇంకోటి, పాత రికార్డింగులు కొన్ని మన ట్యూనర్ చెప్పే 440 హెర్ట్జ్ శృతికి సరిగ్గా కూర్చోవు. రికార్డుతో కలిపి వాయించేముందు గిటార్‌ను రికార్డుకు శృతి చేసుకోండి, ట్యూనర్‌కు కాదు.

స్వరం దొరికితే పని అయిపోలేదు. అదే స్వరం గిటార్ మీద మూడు నాలుగు చోట్ల ఉంటుంది. సన్న తీగ మీద మూడో ఫ్రెట్, రెండో తీగ మీద ఎనిమిదో ఫ్రెట్, రెండూ ఒకే 'జి', కానీ రెండో చోట గొంతు బొంగురుగా, నిండుగా ఉంటుంది. ఎక్కడ వాయించాడో తేల్చేది జారుడు. ఏ స్వరం నుంచి ఏ స్వరానికి జారాడో వింటే అవి రెండూ ఒకే తీగ మీద ఉండాలని తెలుస్తుంది, అక్కడి నుంచి వేళ్లు వాటంతటవే కుదురుతాయి. టోన్ గురించి ఒక్క మాట: గ్రీన్ యాంప్‌లో బాస్, ట్రెబుల్ తగ్గించి మిడ్ పెంచేవాడని ఇంకో గిటారిస్టు జార్జ్ బెన్సన్ చెప్పాడు. నా చవక యాంప్ మీద కూడా అది పనిచేసింది. ఆయన వాడిన గిబ్సన్ ఈఎస్-330 కోసం అప్పు చెయ్యకండి.

అన్నిటికన్నా ఎక్కువ కాలం తిన్నది విరామాలు. ఫ్రేజ్ అయ్యాక గ్రీన్ ఆగుతాడు, పియానో జవాబిస్తుంది, వైబ్రాఫోన్ మోగి తగ్గుతుంది. ఒంటరిగా సాధన చేస్తుంటే అక్కడ ఏమీ లేదు, ఖాళీ. చేతులు ఊరుకోవు. నేను చేసిందేమిటంటే, ఆ ఖాళీల్లో పియానో వాయించేదాన్ని నోటితో పాడటం. మెట్రోనోమ్‌ను రెండో బీట్, నాలుగో బీట్ మీదే మోగేలా పెట్టుకుని, ఫోన్‌లో రికార్డు చేసుకుని, అసలు దాని పక్కన పెట్టి వినేవాణ్ణి. ఆ వినడం సుఖంగా ఉండదు. వారానికి ఒకసారి చాలు, రోజూ వింటే మానేయాలనిపిస్తుంది.

నోట్‌బుక్‌లో రాయడం అన్నిటికన్నా చివర. రాస్తున్నప్పుడే కార్డులు పక్కన వేసుకుని, ఈ స్వరం ఈ కార్డులో ఏమవుతుంది అని చూశాను. స్కేళ్ల పేర్ల గురించి రాసిన పేజీలు చదివినప్పటికంటే అప్పుడే ఎక్కువ అర్థమైంది. ట్యాబ్ అప్పుడు మళ్లీ తీశాను, సరిపోల్చడానికి. వాళ్లు తప్పు రాసినవి పదకొండు చోట్ల దొరికాయి, నేను తప్పు విన్నవి నాలుగు. ట్యాబ్‌కు నా దృష్టిలో ఉన్న ఉపయోగం అదీ: పరీక్ష రాశాక చూసుకునే జవాబుల పేజీ.

ఇది నా సొంత కనిపెట్టుడేం కాదు. జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీ గిటార్ నేర్చుకున్నదే తనకు ముందుతరం గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ సోలోలను రికార్డుల నుంచి స్వరం స్వరం పట్టుకుని. పిక్ చప్పుడు ఇంట్లోవాళ్లకూ పక్కింటివాళ్లకూ ఇబ్బంది అవుతోందని బొటనవేలితో మీటడం మొదలుపెట్టాడని చెబుతారు. ఆయన గుర్తింపు ఆ బొటనవేలే. అపార్ట్‌మెంట్‌లో రాత్రి పదకొండుకు సాధన చేసేవాళ్లం కాబట్టి నాకు ఆ కథంటే మహా ఇష్టం.

మీకు ఐదు నెలలు పట్టాలని లేదు. మొత్తం సోలో అక్కర్లేదు, 16 బార్ల థీమ్ (పాట అసలు బాణీ) మాత్రం పట్టుకోండి, రోజుకు అరగంట చొప్పున నెలలో వస్తుంది. అది పాడుతూ, కాలు కదలకుండా, చేత్తో నెమ్మదిగా తాళం వేయగలిగితే సోలోలోకి దిగండి. బాస్ ఆయనతో మళ్లీ వాయించాను లెండి, పోయిన ఉగాదికి. ఈసారి ఏమీ అనలేదు, రెండో కోరస్ కూడా తీసుకోమని తలూపాడు. ఎన్ని బార్లో ఇద్దరం లెక్కపెట్టలేదు.